జెర్సీలిస్తనన్నోడు ఫోన్ నంబర్లెందుకు అడిగిండు?

ఉత్తరం:

సార్ నమస్తే. మాది దేవరకొండ దిక్కు. ఎనిమిదేండ్ల సంది మా ఊరి జెడ్పీ హైస్కూల్ గ్రౌండ్ల ఎండాకాలం సెలవుల్ల టెన్నిస్ బాల్ క్రికెట్ టోర్నమెంట్ పెడ్తున్న. పోయినేడు 24 టీములు వచ్చినయ్. ఎంట్రీ ఫీజు 1,500, ఫస్ట్ ప్రైజ్ 30 వేలు, సెకండ్ 15 వేలు. ఫస్ట్ ప్రైజ్ ఒక వెంచరాయన ఇచ్చేటోడు. ప్లాట్లు అమ్ముడుపోతలేవని ఈసారి చేతులెత్తిండు. గప్పుడే మా ఊరోడొకడు, హైదరాబాద్‌ల ఉంటడు, నాకు వరుసకు బావ, ఒక బెట్టింగ్ ఆప్ తరఫున 60 వేలిస్తనన్నడు. అన్ని టీములకు కలర్ జెర్సీలు, రెండు కెమెరాలు పెట్టి యూట్యూబ్ లైవ్ కూడ వాళ్లదే. జెర్సీ మీద ఆప్ పేరు పక్కన ‘న్యూస్’ అని ఉంటది. గ్రౌండ్ల క్యూఆర్ కోడ్ ఫ్లెక్సీలు కట్టాలె, కామెంటరీల గంటకోసారి పేరు చెప్పాలె, ప్లేయర్లందరి ఫోన్ నంబర్లు రాసియ్యాలె. గంతే అన్నడు. మా టీమోళ్లు “ఇండియా జెర్సీ మీదనే డ్రీమ్ లెవెన్ ఆప్ పేరుండె, మనకేందిరా” అంటున్నరు. బెట్ మ్యాచ్‌లు మేము కూడ ఆడినోళ్లమే. అయినా నా మనసు ఒప్పుతలేదు. వద్దంటే టోర్నమెంట్ ఆగిపోతదేమో. తీసుకోవాల్నా, వద్దా? ఇంకోటి, మా తమ్ముని ఫోన్ల కూడ అసొంటి ఆప్ ఒకటి ఉన్నది. చిన్నచిన్నగనే పెడ్తున్నా అంటడు.

(పేరు వద్దన్నడు)

సమాధానం:

తమ్మీ, మొదలు లెక్క చేద్దాం. టీముకు పదిహేను మంది రాసుకుంటరు కదా, 24 టీములకు 360 నంబర్లు. 60 వేలను 360 పెట్టి భాగించు. నంబరుకు 166 రూపాయల చిల్లర. మీ చుట్టుపక్కల ఊర్ల పోరగాండ్లకు మీ బావ కట్టిన రేటు గది. అంగట్ల ఊర కోడి కూడ ఇంతకంటే ఎక్కువే పలుకుతది. జెర్సీలు, కెమెరాలు మీద కొసరు.

స్పాన్సర్ అన్నోడు పేరు కనపడాలనే పైసలు పెడ్తడు, దాంట్ల తప్పులేదు. ఎరువుల దుకాణమాయన ఫ్లెక్సీ కట్టిస్తే చూసినోడు చూస్తడు, అవసరం పడ్డోడు పోయి యూరియా తెచ్చుకుంటడు. ఆయన ఎన్నడన్న ప్లేయర్ల నంబర్లు అడిగిండా? వెంచరోళ్లు అడుగుతరనుకో, అడిగి ఫోన్లు చేసి సతాయిస్తరు కూడ. కని ప్లాటు కొనాలంటే జేబుల లక్షలుండాలె. మీ బావ చెప్పే దుకాణంల అడుగు పెట్టనీకె వంద రూపాయలు చాలు. ఇంటర్ పోరని దగ్గర కూడ ఉంటయ్ వంద.

ఈ ధందా ఎట్ల నడుస్తదో నీకు కొంత ఎర్కే ఉంటది, అయినా చెప్తా. వాట్సాప్‌ల ‘హాయ్’ పెట్టమంటరు. ఐడీ, పాస్‌వర్డ్ వస్తయ్. ఎవని పేరు మీదనో ఉన్న అకౌంట్‌కు పైసలు కొట్టమంటరు. ఇయ్యాల ఒక పేరు, రేపు ఇంకో పేరు. కొట్టినన్ని పాయింట్లు ఐడీల పడతయ్. మొదట్ల గెలుస్తవ్, గెలిచిన పైసలు అర్ధగంటల అకౌంట్ల పడతయ్ కూడ. గా అర్ధగంటనే వాళ్ల అసలైన పెట్టుబడి. నమ్మకం కుదిరినంక వందలు వేలయితయ్. పైన మాస్టర్, కింద ఏజెంట్, ఏజెంట్ కింద ఇంకో ఏజెంట్. చాలా వాట్ల ఏజెంట్‌కు వచ్చేది, వాడు చేర్పించినోళ్లు ఓడిన పైసల్ల వాటా. అంటే నువ్విచ్చిన నంబర్లల్ల నుంచి ఒక ముప్పై మంది దిగి, ఐపీఎల్ అయిపోయేలోపట తలా అయిదు వేలు పోగొట్టుకున్నరనుకుందాం. లక్షన్నర. నీకిచ్చిన 60 వేలు మీ ఊర్లకెల్లే తిరిగొచ్చినయ్, మీద తొంభై వేలు మిగిలినయ్. పోగొట్టుకునేటోడు నీ ఓపెనింగ్ బ్యాట్స్‌మన్ కావచ్చు, కీపర్ కావచ్చు. కామెంటరీ మైకుల పేరు చెప్పింది మాత్రం నువ్వు. ఊర్ల ఎనిమిదేండ్ల సంది నీ మాటకున్న ఇజ్జత్ ఉన్నదే, దాన్నే వాళ్లు కొంటున్నరు. హైదరాబాద్‌ల కూసోని ఎన్ని మెసేజ్‌లు పెట్టినా అది రాదు వాళ్లకు.

నేను 31 ఏండ్లు పీఈటీగ చేసి రిటైరయిన. నా పాత పిల్లగాడొకడు ఇప్పుడు మిర్యాలగూడ కాడ ఒక రైస్ మిల్లుల గుమాస్తా. ఎడమచేతి స్పిన్నర్. స్కూల్ల ఉన్నప్పుడు ప్రజ్ఞాన్ ఓఝా లెక్క చేస్తా అని ఊర్కె మట్టిల బాల్ తిప్పుకుంట కూసునేటోడు. పోయినేడు ఎండాకాలం ఒక సాయంత్రం మా ఇంటికొచ్చిండు. టీవీల మ్యాచ్ నడుస్తున్నది. వాడు టీవీ దిక్కు వీపు పెట్టి కుర్చీ వేసుకున్నడు, ఫోన్ చూస్తున్నడు. టీవీల బౌలర్ ఇంకా రనప్ మొదలే పెట్టలే. వాని ఫోన్ల బెట్టింగ్ రేటు ఆగిపోయింది. “వికెట్ పడ్డది సార్” అన్నడు. నేను నవ్విన. నాలుగైదు సెకండ్లయినంక టీవీల స్టంపు ఎగిరింది.

ఎట్ల తెలిసెరా అంటే చెప్పిండు. టీవీల బొమ్మ మనకాడికి వచ్చేసరికి గ్రౌండ్ల ఆట ముందటికి పోయి ఉంటదట. అవతల రేటు పెట్టేటోనికి గ్రౌండ్‌కెల్లే కబురు వస్తది. వికెట్ పడంగనే రేటు బంద్ పెడ్తడు. “మనం చూసేది పాత బాల్ సార్. వాళ్లు చూసేది ఇప్పటి బాల్.” తెలిసి తెలిసి పాత బాల్ మీద పైసలు పెట్టేటోని నేను వాన్నే చూసిన. ఎంత పోయిందిరా అని అడిగితే చెప్పలే. మోటర్‌సైకిల్ మీద వచ్చేటోడు ఆ రోజు బస్సుల వచ్చిండు, నేను మళ్ల అడగలే. పోయేముందు చెప్పులు వేసుకుంట, “ఊర్కె మ్యాచ్ చూడబుద్ధయితలేదు సార్, రేటు లేకుంటే ఆట సప్పగ కొడ్తుంది” అన్నడు. బాల్ తిప్పుడు తప్ప వేరే ముచ్చట లేని పిల్లగాడు వాడు. పైసలు పోయిన బాధ కంటే నాకు గా మాటనే ఎక్కువ తలిగింది.

ఇగ మీ టీమోళ్ల మాట. ఇండియా జెర్సీ మీద డ్రీమ్ లెవెన్ ఉండె, నిజమే. 2023 జులైల వచ్చింది, మూడేండ్లకు 358 కోట్ల ఒప్పందం. అంతకుముందు 2020ల ఐపీఎల్‌కు టైటిల్ స్పాన్సర్ కూడ వాళ్లే, 222 కోట్లకు. కని ఒక్కటి అడుగు మీవాళ్లను. ఆ జెర్సీ చూసి మన నల్లగొండల కూసోని ఆ ఆప్‌ల పైసలు పెట్టి ఆడొచ్చునా? ఆడరాకపోయేది. తెలంగాణ సర్కారు 2017లోనే గేమింగ్ చట్టం మార్చి ఆన్‌లైన్ల పైసలు పెట్టి ఆడే ఆటలను బంద్ చేసింది. ఆ కంపెనీ కూడ మన రాష్ట్రమోళ్లను పైసల పోటీలల్ల చేర్చుకోకపోయేది. అమ్మరాని సరుకు పేరును మాత్రం రెండేండ్లు మన ఇండ్లల్ల రోజూ చూపెట్టిన్రు. ఫోన్ల లొకేషన్ మార్చి ఆడిన పోరగాండ్లు నాకే తెలుసు. నాయం చెప్పాలంటే, డ్రీమ్ లెవెన్‌ది టీమ్ కూర్చే ఆట, నైపుణ్యం ఉన్నదని హైకోర్టులు ఒప్పుకున్నయ్. మీ బావ తెచ్చింది దాని తమ్ముడు కూడ కాదు, ఐడీ ఇచ్చి రేట్లు పెట్టే బాపతు. రెండింటిని ఒకటే గాటన కట్టి మాట్లాడుడు మీ టీమోళ్లకు సులువు.

ఆ తర్వాత ఏమయిందో చూడు. 2025 ఆగస్టుల పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న పంచాయితే తీసేసింది, పైసలు పెట్టి ఆన్‌లైన్ల ఆడించే ఆట ఏదైనా వద్దన్నది. కంపెనీలు కోర్టుకు పోయినయ్, కేసులు సుప్రీంకోర్టు దాక చేరినయ్. డ్రీమ్ లెవెన్ మాత్రం జెర్సీ మీదకెల్లి తప్పుకున్నది. సెప్టెంబర్‌ల ఆసియా కప్‌కు మనోళ్లు ఛాతీ మీద ఏ కంపెనీ పేరు లేకుండ పోయిన్రు. ఫైనల్ల పాకిస్తాన్ మీద 69 నాటౌట్ కొట్టి గెలిపించింది మన హైదరాబాద్ పిల్లగాడు తిలక్ వర్మ. ఉత్త జెర్సీ వేసుకొని. అదే నెలల అపోలో టైర్స్ వచ్చి 2028 మార్చి దాక 579 కోట్లకు ఒప్పుకున్నది, పాతదాని కంటే ఎక్కువ. ఆ జెర్సీ ముచ్చట వస్తే ఊర్లల్ల నవ్వుకుంటరు కూడ. సహారా పేరు పడ్డది, బైజూస్ పడ్డది, డ్రీమ్ లెవెన్ పడ్డది, పడ్డోళ్లందరికీ ఏదో ఒక గండం. టైర్లోళ్లు భద్రంగ ఉండాలె పాపం.

నా ఈడోళ్లకు 1996 ప్రపంచ కప్పంటే విల్స్ వరల్డ్ కప్పే. సిగరెట్ పేరు. ఆటగాళ్ల అంగీల మీద కూడ అదే పేరు చూసినం. 2003 చట్టంతోని పొగాకు ప్రకటనలు, స్పాన్సర్లు బందయినయ్. క్రికెట్ సన్నబడ్డదా? అయిదేండ్లకు ఐపీఎల్ వచ్చింది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంగతి ఇంకో తీరు. ప్రీమియర్ లీగ్ క్లబ్బులు 2025–26 సీజన్ అయిపోయేసరికి అంగీ ముందట బెట్టింగ్ కంపెనీల పేర్లు తీసేస్తమని 2023లోనే ఒప్పుకున్నయ్. ముందట మాత్రమే, చేతుల మీద ఉండొచ్చు! దాని కిందున్న లీగులకైతే 2013 సంది పేరే ఒక బెట్టింగ్ కంపెనీది. పెద్దోళ్లు వదులుకోగలుగుతరు, కిందోళ్లకు ఆ పైసలే దిక్కు. నీ కష్టం నాకు తెలియక కాదు తమ్మీ. క్రికెట్ బోర్డుకు టైర్ల కంపెనీ దొరికింది, మీ ఊరి గ్రౌండ్‌కు రాదు. దాని సంగతి కిందికి చెప్తా.

జెర్సీ మీద ‘న్యూస్’ అని ఎందుకుంటదో ఎర్కేనా? మందు కంపెనీ సోడా పేరు మీద బోర్డు పెట్టినట్టు. బెట్టింగ్ పేరు నేరుగ వెయ్యరాదు కనుక వార్తల సైట్ అని ఒకటి తెరిచి, అదే పేరు, అదే రంగు, అదే బొమ్మ పెడ్తరు. ఇది దొంగచాటు ప్రకటన అని కేంద్ర సమాచార ప్రసార శాఖ 2022 అక్టోబర్‌లోనే టీవీ ఛానళ్లకు, వెబ్‌సైట్లకు కాయితం పంపింది. కాబట్టి “న్యూసే కద” అని మీ బావ అంటే, “మరి ఇయ్యాల మీ న్యూస్‌ల మన దేవరకొండ వార్త ఏమున్నది బావా” అని అడుగు.

అన్నిటికంటే నాకు భయం పుట్టించింది ఆ ఉచిత యూట్యూబ్ లైవ్. మీ మ్యాచ్ చూసేటోళ్లు ఎంతమంది? మీ ఊరోళ్లు, వచ్చిన టీములోళ్లు, దుబాయ్‌ల ఉన్న ఇద్దరు ముగ్గురు. వాళ్ల కోసం ఎవడన్న రెండు కెమెరాలు, మనుషులు, నెట్ ఖర్చు పెట్టుకుంటడా? 2022 జులైల గుజరాత్ మెహసానా జిల్లా మోలిపూర్ అనే ఊర్ల ఏం జరిగిందో చెప్తా. ఒక చెల్క కిరాయికి తీసుకొని గ్రౌండ్ చేసిన్రు, లైట్లు పెట్టిన్రు. కూలికి పోయేటోళ్లను, ఖాళీగ ఉన్న పోరగాండ్లను ఓ ఇరవై మందిని తీసుకొచ్చి, మ్యాచ్‌కు 400 రూపాయలిస్తమని ఐపీఎల్ టీముల జెర్సీలు తొడిగిన్రు. యూట్యూబ్‌ల లైవ్. కామెంటరీకి హర్షా భోగ్లే గొంతు అనుకరించేటోన్ని పెట్టిన్రు. జనం చప్పుడు నెట్‌ల దొరికిన రికార్డు. రష్యాల కూసున్నోళ్లు అది నిజం ఐపీఎల్ అనుకొని పందేలు కాసిన్రు. బౌలర్ ఎట్ల వెయ్యాలె, బ్యాట్స్‌మన్ ఎప్పుడు అవుట్ కావాలె అన్నది అంపైర్ చెవుల వాకీటాకీల చెప్పేటోళ్లు. పోలీసులు పోయి పట్టుకునేటప్పటికి ఆట క్వార్టర్ ఫైనల్స్ దాక వచ్చింది.

చదువుతుంటే నవ్వొస్తది, నాకు కూడ వచ్చింది. కని ఆ చెల్కల నిలబడి 400కు ఆడిన కూలి పిల్లగాండ్లను ఒక్కసారి తలుచుకో. మీ బావ ఆప్ గట్లనే చేస్తదని నేను అనుడు కాదు. లైవ్ వాళ్ల చేతుల ఉంటే, ఎవడు ఎక్కడ కూసోని మీ మ్యాచ్ మీద ఏం పెడ్తున్నడో నీకు తెలిసే తొవ్వ లేదు. సెమీ ఫైనల్ల మీ పక్కూరి బౌలర్ రెండు వైడ్లు వేస్తే గ్రౌండ్ల గుసగుస మొదలయితది. ఊరికి ఊరికి పడదు తర్వాత. మీ దిక్కు నీకు తెలియంది కాదు, నోబాల్ కాడ గల్లా పట్టుకునేటోళ్లున్నరు.

కేసుల సంగతి తక్కువ మాటల్ల చెప్తా. నేను పైన చెప్పిన 2025 చట్టంల ఆడించేటోనికి మూడేండ్ల దాక జైలు, కోటి దాక జరిమానా రాసి ఉన్నది. ప్రకటన చేసేటోనికి రెండేండ్ల దాక, 50 లక్షల దాక. ఆ చట్టంల ఆడినోని మీద శిక్ష లేదు, ప్రచారం చేసినోని మీద ఉన్నది. ఫ్లెక్సీ కట్టింది నువ్వు, మైకుల చెప్పింది నువ్వు. 2025 మార్చిల బెట్టింగ్ ఆప్‌ల ప్రచారం కింద హైదరాబాద్‌ల సినిమా నటులు, యూట్యూబర్లు కలిపి 25 మంది మీద కేసు పెట్టిన్రు. వాళ్లకు వకీళ్లను పెట్టుకునే తాకత్ ఉన్నది. నీకు వాయిదా పడ్డప్పుడల్ల బస్సు కిరాయి, ఒక రోజు కూలి. ఇంకో సంగతి, మీరు ఆడేది సర్కారు బడి గ్రౌండ్. హెడ్మాస్టర్ సారు సంతకం పెట్టి ఇస్తున్నడు. బెట్టింగ్ ఫ్లెక్సీ బడి గోడకు కడితే మొదలు మాట పడేది ఆయనకు.

బెట్ మ్యాచ్‌ల ముచ్చట నువ్వు దాచకుండ రాసినవ్, మంచిగనిపించింది. మేమూ ఆడినం. నేను డిగ్రీ చదివేటప్పుడు టీముకు 22 రూపాయలు వేసుకొని ఆడేది, మనిషికి రెండు. ఓడితే మా పైసలతోని వాళ్లు మిర్చీలు తినేది, మాకు కూడ చెరొకటి పెట్టేది. అది జూదం కాదని బుకాయించను. పోలీసాయన చూస్తే అప్పుడు కూడ ఉరికిచ్చేటోడు. కని ఆ పందెంల ఒక కట్ట ఉండె. జేబుల ఉన్నదాని కంటే ఎక్కువ పోకపోయేది. ఓడినోడు, గెలిచినోడు ఒకటే హోటల్ బల్ల మీద కూసునేది. రాత్రి రెండు గంటలకు దుప్పట్ల ముసుగు తన్ని, వెస్టిండీస్‌ల ఆడే మ్యాచ్ మీద ఎవడూ పెట్టకపోయేది. ముఖ్యంగ, ఎన్నడూ ఓడని మూడోవాడు మధ్యల లేకుండె. ఇప్పటి దాంట్ల ఉన్నడు.

టోర్నమెంట్ ఆగిపోతదని భయపడ్తున్నవ్ కద, నీ లెక్కనే మళ్ల చూసిన. 24 టీములు, 1,500 చొప్పున 36 వేలు నీ చేతిల ఉన్నట్టే. ఫస్ట్ ప్రైజ్ 15 వేలు, సెకండ్ 8 వేలు చెయ్యి. ఇంకా 13 వేలు మిగులుతయ్ బాళ్లకు, అంపైర్లకు, మైకుకు. ప్రైజ్ తక్కువయితే టీములు రావంటవ్. కొన్ని రావు, నిజమే. కల్వకుర్తి, అచ్చంపేట కెల్లి వచ్చే కిరాయి ప్లేయర్ల టీములు ఒక నాలుగు తగ్గుతయ్ కావచ్చు. నిజం చెప్పు, కొట్లాటలు పెట్టేది గా నాలుగే కదా? నాలుగు తగ్గితే ఆరు వేలు తగ్గుతయ్. అవి సర్దుకోవాలంటే ఒక్కడే పెద్ద స్పాన్సర్ కోసం చూడకు. పెద్ద స్పాన్సర్ పోతే ఏమయితదో ఈసారి వెంచరాయనతోని చూసినవ్ కద. చిన్నచిన్నవి పది అడుగు.

వాటర్ ప్లాంట్ ఆయన నీళ్ల క్యాన్లు వేస్తడు. టెంట్ హౌస్ ఆయన ఫ్లెక్సీ మీద పేరు వేస్తే షామియానా కిరాయి సగం చేస్తడు. బత్తాయి తోటలోళ్లు మీ దిక్కు తక్కువున్నరా? డ్రింక్స్ బ్రేక్‌ల బత్తాయి రసం పోయిమను, తోటాయన పేరు మైకుల చెప్పు, గా పేరు గంటకోసారి కాదు ఓవర్‌కోసారి చెప్పినా ఎవనికీ నష్టం లేదు. బైకుల షోరూమ్‌ను పైసలడగకు, మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్‌కు హెల్మెట్లడుగు. సాగర్ రోడ్డు మీద తిరిగే పోరగాండ్లకు కప్పు కంటే అక్కరకొచ్చేది అదే. మిర్యాలగూడ దిక్కు ఒక టోర్నమెంట్‌ల మ్యాన్ ఆఫ్ ద సిరీస్‌కు 25 కిలోల సన్నబియ్యం బస్తా ఇచ్చిన్రు. ఆ పిల్లగాడు బస్తా భుజాన పెట్టుకొని ఫొటో దిగిండు, వాళ్లమ్మ నవ్వుకుంట పక్కన నిలబడ్డది. నేనే అంపైర్‌ను ఆ రోజు. ఎన్ని కప్పులిచ్చిన ఫొటోలు చూసిన్నో, అసొంటిది చూడలే. 2025 డిసెంబర్‌ల గెలిచిన సర్పంచ్ ఉన్నడు కద, ఎన్నికలప్పుడు క్రికెట్ కిట్లిస్తనని ఏమన్న మాటిచ్చిండేమో గుర్తు చెయ్యి. జెర్సీలు లేకుంటే ఏమయితది? మొన్నమొన్నటి దాక తెల్ల బనియన్ల మీదనే ఆడిన్రు. లైవ్ కావాలంటే మీ ఊరి పిల్లగాని ఫోన్ ఒక కట్టెకు కట్టి పెట్టుండ్రి, దుబాయోళ్లకు గది చాలు.

ఇంకో చిన్న పని. ఈ ఏడు కెల్లి ప్లేయర్ల నంబర్లు రాసుకునుడే బంద్ చెయ్యి. కెప్టెన్ల నంబర్లు 24 చాలు నీకు. రాయని లిస్టు ఎవడూ అడగడు, ఎవడూ దొంగతనం చెయ్యడు.

బావకు ఎట్ల చెప్పాలె? పెండ్లిల్ల, చావుల్ల మొఖాలు చూసుకోవాలె కద. నీతులు చెప్పకు, వాడు ఊరుకోడు. “బావా, మైకు పర్మిషన్‌కు స్టేషన్‌కు పోవాలె, ఎస్సై సారు వచ్చి ఫ్లెక్సీ చూస్తడు, బడి గ్రౌండ్, హెడ్మాస్టర్ ఒప్పుకోడు, నావల్ల కాదు” అను. ఇది అబద్ధం కాదు, ఉన్న మాటనే. “న్యూస్ అని చెప్పు” అంటడు. “రాసిచ్చి నువ్వు సంతకం పెట్టు బావా” అను. పెట్టడు. ఫోన్‌ల అయితే నాన్చుతడు, ఎదురుంగ కూసోని, ఇంకో మనిషి ఉండంగ చెప్పు. అడ్వాన్స్ అని ఐదో పదో ముందే నీ ఫోన్‌కు కొట్టిండా? ఉత్తరంల రాయలే నువ్వు. కొట్టి ఉంటే గా పైసలు ఎవరి పేరు మీదకెల్లి వచ్చినయో చూడు. తెలియని పేరుంటే అదే రోజు బ్యాంకుకు పోయి చెప్పు. ఈ ధందాల తిరిగే అకౌంట్లు ఎక్కడో కేసు పడితే ఫ్రీజ్ అయితయ్, అదే వరుసల నీదీ ఆగిపోతది.

ఇగ నువ్వు చివరి రెండు వాక్యాల్ల రాసిన ముచ్చట. దాని కోసమే నువ్వు ఈ ఉత్తరం రాసినవేమోనని నాకు అనుమానం. తమ్ముడు “చిన్నచిన్నగనే” అన్నడు. మా మిల్లు గుమాస్తా కూడ మొదలు గదే మాట అన్నడు. నాయిన ముందట అడగకు, నలుగురిల అడగకు. పొద్దుగూకినంక గ్రౌండ్ కాడ పిచ్‌కు నీళ్లు కొట్టేటప్పుడు ఇద్దరే ఉంటరు కద, గప్పుడు అడుగు. “ఎంత పోయింది” అని కాదు, “ఎవరికన్న ఇయ్యాల్నా” అని అడుగు. పోయినదాని గురించి అబద్ధమాడుతరు, అప్పు గురించి అడిగితే కొంచెం కొంచెం బయటికొస్తది. ఫోన్‌పే హిస్టరీ మూడు నెలలది ఇద్దరూ కలిసి చూడుండ్రి. తెల్లారగట్ల కొట్టిన పైసలున్నయా, ఒకే రోజు నాలుగైదు మార్లు కొట్టిండా, లోన్ ఆప్‌లకెల్లి వచ్చిన పైసలున్నయా చూడు. వాని బ్యాంకు అకౌంట్, సిమ్ ఎవరికన్న వాడుకోనిచ్చిండా అన్నది తప్పకుండ అడుగు. నాకు దాని మీదనే ఎక్కువ భయం. ఇచ్చి ఉంటే సైబర్ నేరాల నంబర్ 1930కి ఫోన్ చేసి మీరే ముందుగ చెప్పుండ్రి. అప్పు తేలితే పైసలు వాని చేతిల పెట్టకు, ఇచ్చినోనికి నువ్వే పోయి కట్టు, కాయితం తీసుకో. నిద్రపోతలేడు, తింటలేడు, బతుకు మీద ఆశ లేనట్టు మాట్లాడుతున్నడంటే ఆలస్యం చెయ్యకు. మనసు బాగలేనోళ్ల కోసం సర్కారు పెట్టిన 14416 టెలి మానస్ నంబర్ రాత్రి పగలు ఉంటది, తెలుగుల మాట్లాడుతరు. ఆప్ డిలీట్ చేయించినంత మాత్రాన నిమ్మలపడకు, ఐడీ వాట్సాప్‌ల ఉంటది, ఫోన్ల ఏం కనపడదు.

వానికి ఈసారి టోర్నమెంట్‌ల ఒక పని అప్పజెప్పు. స్కోరర్‌గ కూసోబెట్టు. పుస్తకంల, పెన్నుతోని, ప్రతి బాల్ చూసి రాయాలె. తల పక్కకు తిప్పితే లెక్క తప్పుతది, తప్పితే రెండు టీములు వచ్చి మీద పడ్తయ్.

తారీఖులు ఖాయమైతే రాయి. అంపైర్ దొరకకుంటే నేనొస్త, పైసలు వద్దు, మధ్యాహ్నం పూట ఎండకు నిలబడలేను కాబట్టి పొద్దటి మ్యాచ్‌లు నాకు పెట్టు. టెన్నిస్ బాల్‌కు ఎల్బీడబ్ల్యూ ఉండదు, అది నా అదృష్టం. వైడ్ల కాడ మాత్రం నాతోని కొట్లాడొద్దని ముందే అందరికీ మైకుల చెప్పు.